లెక్కకు రాని కుర్చీ

శనివారం. సాల్ట్‌పాండ్ స్కూలు మైదానంలో
మా నాన్నకి నాలుగు షామియానాలు వేశారు,
ఒకదాని అంచు ఇంకోదానికి తగలకుండా.

మొదటిది ఆయన తల్లి వంశం వాళ్ళది.
మా ఫాంటేల్లో వంశం అమ్మ కడుపులోంచే నడుస్తుంది.
పాతిపెట్టే హక్కు వాళ్ళది, పెట్టె కొలత వాళ్ళది,
ఏడుపు ఎప్పుడు ఆపాలో చెప్పేదీ వాళ్ళే.
నేను ఆయన కూతుర్ని, ఆయన వంశాన్ని కాను.
ముక్కు ఆయనది, మొండితనం ఆయనది,
వంశం మాత్రం మా అమ్మది.
పెద్దాయన క్వాన్సా నా తల నిమిరి
"వచ్చినవాళ్ళకి నీళ్ళందాయా అరబా?" అన్నాడు.
వచ్చినవాళ్ళలో నన్ను కలిపాడో లేదో
ఆ ముఖంలో వెతికాను. దొరకలేదు.

పక్కన రెండో దళం, జెండా మీద నోట చేప కరిచిన మొసలి.
ఎవరితో యుద్ధమో ఎవరికీ గుర్తులేదు, డప్పు మాత్రం మర్చిపోలేదు.
దళం తండ్రి నుంచి వస్తుంది. ఇక్కడ
నా చోటు నేను పుట్టకముందే ఖాళీగా ఉంచారు.
"మన పొట్టేలు కూతురొచ్చింది!" అని చెయ్యి పైకెత్తి
చేతిలో రమ్ము గ్లాసు పెట్టారు.
సరిగ్గా అప్పుడే చూసింది సిస్టర్ ఎసీ గార్టే,
మూడో షామియానాలోంచి, పాటల పుస్తకం మీదుగా.
మెథడిస్టు మహిళా సంఘానికి కోశాధికారిని నేను.
తాగలేదు. పారబొయ్యనూ లేదు.
గ్లాసు పట్టుకుని ఆ ఎండలో అలా నిలబడ్డాను,
ఎవరిదో సామాను కాపలా కాస్తున్నట్టు.

నాలుగోది డ్రైవర్ల యూనియన్.
వాళ్ళకి కుర్చీలు పట్టవు, బండ్లకి ఆనుకుని ఉన్నారు.
మాన్‌కెసిమ్ రోడ్డులో ప్రతి గుంతనీ
నాన్న పేరు పెట్టి పిలిచేవాడట.
ఒక గుంత పేరు అరబా అట.
"ఎప్పుడూ అడ్డం తిరిగేదమ్మా" అని నవ్వి, నవ్వినందుకు నాలిక్కరుచుకున్నాడు ఒకాయన.
ఆ రోజు మొత్తంలో నాకు ఏడుపొచ్చింది అక్కడే.

ఒంటికి వంశం వాళ్ళ నల్ల బట్ట, తలకి దళం ఎర్ర గుడ్డ,
రొమ్ము మీద చర్చి బిళ్ళ.
అత్త చూసి మూతి విరిచింది:
"రెండు పడవల మీద కాళ్ళు పెట్టకే."
అత్తా, నువ్వెప్పుడూ రేవుకి పోలేదా?
వల బరువెక్కినప్పుడు మన కుర్రాళ్ళు
ఒక కాలు ఈ పడవలో, ఒక కాలు ఆ పడవలో వేసే లాగుతారు.
పడతారు కూడా. నిజమే, పడతారు.

చిన్నప్పుడు నాన్న బండిలో నా చోటు
నడవలో ఉండే మడత సీటు.
ప్రతి స్టాపులో లేవాలి, సీటు మడవాలి,
దిగేవాళ్ళని దిగనిచ్చి మళ్ళీ కూర్చోవాలి.
కిటికీ సీటు కావాలని ఒకసారి పేచీ పెట్టాను.
అద్దంలోంచి చూసి, "అది టిక్కెట్టు కొన్నవాళ్ళది,
ఇది నాతో వచ్చినవాళ్ళది" అన్నాడు.
అది ప్రేమో, పిసినారితనమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

మధ్యాహ్నం ఎప్పుడో కాళ్ళు పీకి
చర్చికీ దళానికీ మధ్య సందులో
ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
నీడ ఎవరిదీ నా దాకా రాలేదు.
ఒక చెవిలో స్తోత్రం, ఒక చెవిలో డప్పు,
రెండూ ఒక్కో క్షణం కలిసి
నాన్న దగ్గులా వినిపించేది.

సాయంత్రం కుర్చీలవాడు ఎకో వచ్చి
షామియానా షామియానాకీ లెక్క రాసుకున్నాడు:
వంశానికి అరవై, దళానికి నలభై,
చర్చికి నలభై అయిదు, యూనియన్‌కి ముప్ఫై.
సందులో ఉన్న దాని దగ్గర సుద్దముక్క ఆగింది.
"ఇదెవరి పద్దు?"
నలుగురూ నలుగురి వైపు చూశారు.

నా పేరున రాసుకో, అన్నాను.

అరబా అనేవాళ్ళు, సిస్టర్ గ్రేస్ అనేవాళ్ళు,
పొట్టేలు కూతురనేవాళ్ళు
బట్టలు దులుపుకుని వెళ్ళిపోతున్నారు.
ఎకో సుద్దముక్క చెవి మీంచి మళ్ళీ తీసి అడిగాడు:
"ఏ పేరు?"